గొడుగు సంచి

అరబ్బు దేశంలోని ముసఫ్ఫాలో ఒక రిపేరు షెడ్డు, రెండు వేల ఐదో సంవత్సరం, సాయంత్రం. పాత రేసు కారును పొద్దున్నే లారీ ఎక్కించి ఎడారిలో ట్రాక్‌కు పంపేశాక, మెకానిక్ ఉస్తాద్ ఖాదర్ హుస్సేన్, నెల కిందట పనిలో చేరిన సీట్ల దర్జీ లింబాద్రి టీ గ్లాసులతో మిగిలారు.

“అట్ల కాదు ఉస్తాద్, నేను అడిగేది వేరే...”

“మళ్లా మొదలుపెట్టినావా? ముందు ఆ మూతి కుట్టెయ్ లింబాద్రీ. టీ తాగు. ఎనిమిది నెల్లు ఆ బండి కింద పండుకున్యా. ఈ పొద్దు దాని ఊసు వద్దు.”

“ఊసు వద్దంటవ్, ఫోన్ చేతిలకెంచి దించుతలేవు.”

“నడిపేది నా తమ్ముడు కదప్పా. బండి ఓనరు అర్బాబ్ కొడుకు ఒకసారి ఎక్కినాడు, ఇంజన్ చప్పుడుకే దిగిపోయినాడు. మా హయాత్ బాషా మాత్రం నేనెక్కుతా అన్యాడు. సాయంత్రం అసర్ నమాజు అయినాక బండిని ఇడుస్తారంట.”

“భయమైతలేదా నీకు?”

“భయమేంటికి? దాంట్లో ప్రతి నట్టూ నా చేత్తో బిగించిందే.”

“గంత జోరుగ ఉరుకుతదా?”

“ముప్పై ఐదేండ్ల కిందట అమెరికాలో ఎవురో ప్రయోగానికని ఒకే ఒకటి చేసి ఇడ్సిపెట్టినారు. అందరూ ఇంజన్ ముందర పెడితే, వాళ్లు మనిషి వీపెనక పెట్టినారు. పెట్రోలు గూడా తాగదు, నైట్రో కావల్ల. నువ్వు రామా అనేలోపల ఆ కొసన ఉంటాది.”

“మరి ఆగుడెట్ల?”

“ఆ?”

“ఆగుడు ఉస్తాద్. బ్రేకులున్నయి గద?”

“పేరుకుండాయి. ముందర చక్రాలకు లేనే లేవు. ఆ స్పీడుకు బ్రేకు ఏం పట్టుకుంటాది? ట్రాక్ కొసన ఇసక, దాని ఎనక కాంక్రీటు గోడ. అందుకే కదా గొడుగు.”

“ఏ గొడుగు?”

“ప్యారాచూటప్పా. ఎనక సంచిలో మడిచి పెట్టింటారు. లివర్ గుంజితే సంచి తెరుచుకుంటాది, గొడుగు ఎగిరి గాలి పట్టుకుంటాది, బండి నిలబడతాది.”

“సంచిలనా?”

“టీ చల్లారిపోతాంది. ఏమైనాది?”

“ఏం లేదు. గా సంచి... నల్లగ, ఇంజన్ ఎన్కాల?”

“అదే.”

“గుంజితె ఎట్లున్నా తెరుచుకుంటది గద? దారమున్నా తెగుతది గద?”

“దారమెక్కడిది దానికి? పిన్ను కదా ఉండేది.”

“పిన్ను ఊకె ఊడుతుండె ఉస్తాద్.”

“లింబాద్రీ. ఇట్ల చూడు. ఏం చేసినావు?”

“పెద్దోళ్లు చూడనీకి వస్తరంటిరి, మంచిగ కనబడాలె గదా అని... సీటు తోలు కుట్టే దారంతోని...”

“కుట్టినావా?”

“రెండు వరుసలు. నల్ల దారమే. కుట్టినట్టు గూడ కనబడది.”

“యా అల్లా. ఫోను... ఫోను యాడ?”

“నీ చేతిలనే ఉన్నది.”

“హయాత్, ఎత్తరా, ఎత్తు... ఏందది ఈడ మోగేది?”

“తమ్ముని అంగి జేబుల. పొద్దుగాల లారీ ఎక్కేటప్పుడు గా మేకుకు తగిలేసి పోయిండు.”

“ట్రాక్ కాడుండే మేనేజరు ముదీర్‌కు చేస్తా. ఎత్తల్ల, ఎత్తల్ల... హలో, ముదీర్ సాబ్, గాడీ రోకో. ప్యారాచూట్ నహీ ఖులేగా... హలో. సాబ్.”

“ఏమంటున్నడు?”

“బండి ఆపమంటే ఏం వినపడ్లేదు ఆయనకు. సూపర్ సూపర్ అంటాండాడు. నా మాట మీదనే ఇంజన్ మోగుతాంది.”

“టాక్సీల పోదాం పా.”

“యాడికి పోతాం? గంటన్నర దారి... రోకో సాబ్, మేరా భాయీ హై అందర్, రోకో...”

“చప్పుడు పెద్దగైంది ఉస్తాద్.”

“ఇడిసినారు. బండిని ఇడిసినారు.”

“ఉస్తాద్... కూసో. జర కూసో.”

“ఎవుడు కుట్టమన్యాడురా నిన్ను? ఎవుడు చెప్పినాడు?”

“సంచి మూతి ఊకె తెరుచుకుంటుంది, ఏం జెయ్యాలె అని పొద్దుగాల, తమ్ముడు ఇంకా షెడ్డుకు రాకముందు, నిన్నే అడిగిన. నువ్వు ఫోన్ల తమ్మునితోని నవ్వుకుంట మాట్లాడుతుంటివి. నా దిక్కు సూడకుంటనే అంటివి ఉస్తాద్... ముందు ఆ మూతి కుట్టెయ్ అని.”