సగం మిద్దె, సగం స్లాబు

ఉరుకుందప్ప ఉండె గదా, మా ఎదురింటాయన. మీరు ఎరగరులే, మీలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. ఆయనకి ఒక తమ్ముడు గిడ్డయ్య. ఇద్దరిదీ ఒకటే మిద్దె. మిద్దె అంటే ఇప్పటి మేడ అనుకునేరు, మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద ఆకు, ఆకు మీద ఇంత మందాన మన్ను. నడిమధ్యన గవాచి, అంటే పైకప్పుకి పెట్టిన బొక్క, ఎలుతురు రావడానికీ పొగ పోవడానికీ. వాన వస్తే దాని మీద బండ జరిపి మూసేది. ఎండాకాలం బయట రాళ్లు పగులుతున్నా లోపల పండుకుంటే దుప్పటి కావాలనిపిస్తాండె. అదే చలికాలమైతే పొయ్యి ఆర్పినాక కూడా ఇల్లంతా వెచ్చగా ఉంటాండె. నేను కొత్తగా పెళ్లై ఈ ఊరికి వచ్చిన దినాల్లో మాది రేకుల కొట్టం. అందుకే ఏదో ఒక పని సాకు చెప్పి పగలంతా ఆ మిద్దెలోనే కూచుంటాంటి.

అయితే మిద్దెకి చాకిరీ ఎక్కువ. ఏటా వానలకి ముందు చౌడు మన్ను తోలుకొచ్చి పైన పరచాల. చౌడు మన్ను నీళ్లని కిందికి దిగనీదు. బండ్లు కట్టుకోని అన్నదమ్ములు తోలుకొస్తే, వీధి వీధంతా మిద్దె ఎక్కి తొక్కేది. ఆడోళ్లం, మొగోళ్లం, పిల్లోళ్లు, అందరం. ఉరుకుందప్ప పెండ్లాం మారెక్క బొరుగులు నానబెట్టి ఉగ్గానీ, దానికి బజ్జీ చేసి పైకే పంపిస్తాండె. తొక్కుతా తింటా, తింటా తొక్కుతా. ఆ పొద్దు మా వీధికి అదే పండగనుకో.

ఏమైందంటే, బావి నీళ్ల వంతు కాడ అన్నదమ్ములకి మాటొచ్చింది. నా మడి నిండకముందే నీళ్లు తోడే కపిలి ఆపినావని అన్న, నువ్వే నా వంతులో తోడుకున్నావని తమ్ముడు. చిన్న మాటే. పెరిగి పెరిగి ఇల్లు పంచుకునేదాకా పోయింది. మిద్దె నడుమ గోడ లేసింది. గవాచి గిడ్డయ్య పక్కకి పడింది. గోడైతే కట్టినారు గానీ పైన కప్పు ఒకటే గదా, చౌడు పోసేటప్పుడు కలిసే ఎక్కాల గదా. దానికి ఉరుకుందప్ప ఒప్పుకోలేదంట. వానితో కలిసి మన్ను మోసే ఖర్మ నాకేంటికి అని, తన సగం పీకేసి స్లాబు పోపించినాడు. దూలాలు గోడ కాడికి కోసేసినారు. కోస్తాంటే గిడ్డయ్య పెండ్లాం తిమ్మక్క అవతల కూచోని ఏడ్చిందంట.

మా ఊర్లో అదే మొదటి స్లాబు. చూసేదానికి పక్క ఊర్లోళ్లు కూడా వచ్చిరి. ఇంక చౌడు లేదు, కూడులో మన్ను రాలేది లేదు, తేళ్లు పడేది లేదు అని ఉరుకుందప్ప వచ్చినోళ్లందరికీ చెప్పిందే చెప్తాండె. ఎండాకాలం వచ్చింది చూడు, అప్పుడు తెలిసింది. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దు మునిగినాక కక్కుతాంది. పైన నీళ్లు పోస్తే పెనం మీద పోసినట్టు సుయ్ మంటాంది. ఫ్యాను ఏస్తే ఆ వేడే తిరిగి తిరిగి మన మీదికి కొడతాంది. సరే అని టౌనుకి పోయి ఒక కూలరు తెచ్చినాడు. చుట్టూ గడ్డి, లోపల నీళ్లు, ఎనక పెద్ద ఫ్యాను. అది కడవలకి కడవలు తాగుతాంది. మారెక్క బోరింగు కాడికీ కూలరు కాడికీ తిరిగి తిరిగి నడుం పట్టుకునింది. అంత చేసినా కరెంటు ఉంటే గదా. మిట్టమధ్యాహ్నం పోతే పొద్దు వాలేటప్పుడు వస్తాండె.

అట్లాంటి ఎండల్లో కూతురు నాగవేణి కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నలుసంత పిల్ల. ఆ స్లాబు కింద పిల్లకి ఒళ్లంతా చెమటకాయలు. పాలు పట్టదు, ఏడుస్తానే ఉంది. కరెంటు లేక కూలరు మూల నిలబడి చూస్తాంది. నాగవేణి ఇసరతానే ఉంది, మారెక్క తడిగుడ్డ ఏస్తానే ఉంది. గోడకి అవతల తిమ్మక్క అన్నీ వింటాంది. మాటల్లేవు గదా, ఏం చేస్తాది పాపం. ఒక మధ్యాహ్నం గిడ్డయ్యకి సంగటి పెడతా పెడతా చెయ్యి ఆపిందంట. ఏడుపు ఆగిపోయింది. ఇన్ని దినాలు ఏడ్చిన పిల్ల ఏడవలేదంటే ఏమైందోనని తిమ్మక్క సంగటి అంటిన చేత్తోనే లేసి, వీధిలోకొచ్చి, రెండేండ్లుగా తొక్కని గడప తొక్కింది. నేను మా వాకిట్లో నిలబడి చూస్తానే ఉన్నా. ఎవరినీ అడగలేదు. ఉయ్యాల్లో వాడిపోయిన తోటకూర మాదిరి పడున్న పిల్లని ఎత్తుకోని తన మిద్దెలోకి తెచ్చుకునింది. ఎనకాలే నాగవేణి, దాని ఎనక మారెక్క. గవాచి కింద అలికిన నేల మీద పాత చీర మడతేసి పిల్లని పండుకోబెట్టిరి. పెదాలకి నీళ్లు తడిపిరి. శానాసేపటికి పిల్ల కండ్లు తెరిచి, తల్లి రొమ్ము ఎతుక్కునింది. అప్పుడు ఏడ్చినారు చూడు ముగ్గురు ఆడోళ్లు, నేను నాలుగోదాన్ని.

సాయంత్రం ఉరుకుందప్ప చేని నుంచి వస్తే ఇంట్లో ఎవరూ లేరు. తమ్ముని వాకిటి ముందరకొచ్చి నిలబడినాడు. గిడ్డయ్య లేసి, "అన్నా, లోపలికి రా, పిల్ల నిద్రపోతాంది" అన్నాడు. ఆయన రాలేదు. పోయి స్లాబు కింద ఒంటిగా కూచున్నాడు. అట్లే ఎన్ని దినాలో. పెండ్లామూ కూతురూ మనవరాలూ ఇక్కడ, ఆయన అక్కడ. మారెక్క సంగటి తీసుకపోతే తింటాండె, పిల్ల పాలు తాగుతాందా అని అడుగుతాండె, అంతే.

మబ్బులు పట్టినాయి. గిడ్డయ్య ఒక్కడే ఎంతని చౌడు మోస్తాడు? అన్న రాడని తెలిసి వీధోళ్లు కూడా జంకినారు, ఎవరి పక్కన నిలబడితే ఎవరికి కోపమో అని. పైగా దూలాలు కోసిన కాడ స్లాబుకీ మిద్దెకీ నడుమ సందు పడింది, చెయ్యి పట్టేంత. ఒక పొద్దు తెల్లవారి మేం లేసేసరికి ఉరుకుందప్ప బండి నిండా చౌడు తోలుకోని తమ్ముని వాకిట్లో నిలిపినాడు. గిడ్డయ్య బిత్తరపోయి చూస్తాంటే, మొగం అటు తిప్పుకోని ఏమన్నాడో తెలుసునా? "నీ కోసం కాదు. కింద నా మనవరాలు పండుకోనుంది. కారితే దాని మీద పడతాది" అన్నాడు. గంప ఎత్తుకోని నిచ్చెన ఎక్కినాడు. గిడ్డయ్య కూడా ఇంకో గంప ఎత్తుకోని ఎక్కినాడు. ఆ సందులో మొదటి గంప అన్న పోస్తే రెండోది తమ్ముడు పోసినాడు. ఇంక మేమెందుకు ఆగుతాం, వీధంతా ఎక్కినాం. మారెక్క కింద ఉగ్గానీకి బాండలి పెట్టింది. నడుమ గోడ మాత్రం పడలేదు, అబద్ధం చెప్పను. ఎండల్లో అందరూ మిద్దెలో, ముసురు పట్టి మిద్దె కారితే అందరూ స్లాబు కింద. అన్నదమ్ములు పోయేదాకా అట్లే గడిచింది.

ఇప్పుడు ఆ మిద్దె యాడుంది నాయనా, గిడ్డయ్య పిల్లోళ్లు అదీ పీకి స్లాబు పోసిరి. ప్రతి ఇంటికీ ఏసీ. నాకూ మనవడు పెట్టించినాడు, ఎండాకాలం నేనూ ఏసుకుంటా, సుఖంగానే ఉంటాది, దాన్ని తిట్టేదేముంది. ఏడాదికొకసారి ఒకాయనొచ్చి మూత తీసి, జాలీ కడిగి, గ్యాసు చూసి పోతాడు. ఆయన పేరు కూడా నాకు తెలీదు. మొన్న పని చేస్తాంటే ఉగ్గానీ తింటావా అని అడిగితే, ఇంకో ఇంటికి పోవాల అవ్వా అని ఎళ్లిపాయె. చేసిన ఉగ్గానీ అంతా నేనే తింటి.