డబ్బాలో ఉప్పు

పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన మొగుడి ముందు, కొబ్బరి పీచు కుప్పలో దొరికిన ఖాళీ డబ్బా పెట్టిందామె.

“ఇదేటి మావా?”

“మూలపేట పోర్టు ఇంజినీరిచ్చాడు. మాంసం ఏసిన పాస్తా. డాక్టరు ప్రోటీను తినమన్నాడు కదే?”

“డబ్బా మీద ప్రోటీను కింద సోడియం ఎంతుందో సదివావా? అదంతా ఉప్పే.”

“ఒక్క సెంచాడు తిన్నాను. మిగతాది కుక్కకేసీసాను.”

“అందుకేనా రోజూ వంకెట్టే నా సప్పిడి కూర నిన్న బాగుందన్నావు? నాకప్పుడే అనుమానమొచ్చింది.”

“ఆ పాస్తాలో అంత ఉప్పేటీ లేదే.”

“నాకు సెప్పకు. ఒట్టి ఉప్పు కషాయం.”

“నీకెలా తెలుసు?”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

“అడుగున అంటుకున్నది ఏలితో నాకీసాను మావా. ఏడాది బట్టి నీతో పాటు నేనూ సప్పిడే తింటన్నాను కదా.”