రెండు ముక్కల బంతి

1998 ఎండాకాలం సెలవులు, హోసూరు. బెంగళూరు నుంచి వచ్చిన మనవణ్ణి పక్కన పెట్టుకొని అవ్వ తన గేటు దగ్గర నిలబడింది. ఎదురుగా వీధిలో బ్యాటు పట్టుకొని కూర్చున్న పిల్లోడు తలెత్తి చూడలేదు.

"మా శ్రేయస్‌ని కూడా ఆటలో చేర్చుకోప్పా."

"చేర్చుకోము."

"వాడేం తప్పు చేసినాడు?"

"వాడు కాదు, నువ్వు. మొన్న మా బంతి మీ ఇంట్లో పడితే ఏం చేసినావు?"

"కిటికీ అద్దం పగిలిపోయింది. కోపమొచ్చి..."

"ఎర్రగడ్డ కోసినట్ల కత్తిపీట మీద కోసి, గోడ మీద నుంచి ఇసిరేసినావు. ఇదో చూడు, రెండు ముక్కలూ జోబులోనే ఉండాయి."

"అయ్యో, ఇంకా పెట్టుకోనుండావా! పోనీలే, వాడికి కొత్త బంతి కొనిచ్చినాను. దీంతోనే అందరూ ఆడుకోండి."

పసుపుపచ్చ బంతి. దాని మీద నూగు కూడా అరగలేదు. పిల్లోడి చెయ్యి తనంతట తానే లేచింది. గబుక్కున దించేసుకున్నాడు.

"దీన్ని కూడా కోసెయ్యి. అప్పుడు చేర్చుకుంటాము."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతా."

అవ్వ లోపలికి పోయి కత్తిపీట తెచ్చింది. అరుగు మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, బంతిని కత్తికి ఆనించింది.

"వద్దవ్వా!"

ఆ కేక మనవడిది కాదు. ఒక్క దూకున వచ్చి బంతి లాక్కొని, గుండెకు అదుముకున్నాడు పిల్లోడు.

"వాణ్ణి రమ్మను," అన్నాడు రొప్పుతా. "కానీ సెలవులు అయిపోయేదాకా వాడికి ఫీల్డింగే. బ్యాటు మాత్రం ముట్టనియ్యను."