పాలకూర మడిలో శాసనం

జర్మనీలోని కార్ల్స్‌రూహె ఊళ్ళో ట్రామ్ ఆఖరి స్టాపు దగ్గర దశరథ్‌కు చిన్న కూరగాయల తోట ఉంది. ఆ శనివారం మధ్యాహ్నం అక్కడికి చాయ్‌కి పిలిచిన పదిమందిలో రిషిత కూడా ఉంది. పురావస్తు శాస్త్రం చదువుతోంది. ఎక్కడా గది దొరక్క ఆర్నెల్లుగా దశరథ్ వాళ్ళింట్లోనే ఉంటోంది.

"పాలకూర మడి తవ్వుతుంటే ఠంగుమన్నది," అని మొదలుపెట్టాడు దశరథ్. అందరి ముందూ పెట్టింది అరచేతంత రాయి, దానిమీద రెండు తెలుగు అక్షరాలు. రెండో కప్పు చాయ్‌కల్లా ఆ రాయి ఐదువేల ఏళ్ళ నాటిదైపోయింది. "ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?" అని తనే అడిగి తనే చెప్పుకుపోయాడు. గోదావరిలో పడవెక్కిన మనవాళ్ళు రైన్ నదిలో దిగారట, ఈ జర్మన్లకు ఇనుము కరిగించడం మనమే నేర్పామట, రాయి ఇంటికి తెచ్చిన రోజు వీధిలో గడియారాలన్నీ ఇండియా టైముకు తిరిగాయట.

"ట్రామ్ కూడా మన టైముకే వచ్చిందా అన్నా?" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడైన కౌశల్.

"వచ్చింది. ఎందుకొచ్చిందో డ్రైవరుకే తెల్వలే," అన్నాడు దశరథ్ రెప్ప వేయకుండా.

అందరూ నవ్వారు. రిషితకు నవ్వు రాలేదు. దశరథ్ జేబులోంచి కాగితం, పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "సోమవారం పేపరోళ్ళతోటి టెర్మిన్ ఉంది, కలుస్తమని టైమిచ్చిన్రు. ఇది అసలైందని మన రిషిత సంతకం పెడ్తది."

సంతకం పెడితే రిషిత చదువు పరువు పోతుంది, పెట్టకపోతే తల దాచుకునే గది. ఆమె రాయిని చేతిలోకి తీసుకుని ఎండకు వంచి చూసింది. పైనంతా నల్లటి పాచి. అక్షరాల గీతల్లో మాత్రం నిన్న చెక్కినంత తెలుపు.

"అంకుల్, రాయి పాతదే, అక్షరాలు కొత్తవి. అన్నేళ్ళు మట్టిలో ఉంటే గీతల్లోకీ నలుపు దిగేది. అసలు ఐదువేల ఏళ్ళ కింద మన లిపే పుట్టలేదు. నేను సంతకం పెట్టలేను."

దశరథ్ మొహం కందగడ్డయింది. "మా ఇంట్ల ఉండుకుంట నన్నే అబద్ధాలకోరును చేస్తవా?"

రిషిత పెన్ను ముట్టుకోలేదు.

అప్పటిదాకా పలకని దశరథ్ భార్య అలివేలుమంగ, గొంతు పెంచకుండా అంది: "ఏమండీ, పక్క తోట ముసలాయన డ్రిల్లు మిషను అడుగుతున్నడు. తీస్కొచ్చి వారమాయె, ఇచ్చేసి రాండి."

కౌశల్ కప్పు మాటున నవ్వు దాచుకున్నాడు. దశరథ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిషను కోసం తోట గదిలోకి నడిచాడు.

అలివేలుమంగ వచ్చి రిషిత పక్కన కూర్చుంది. "నీ గది ఎక్కడికీ పోదు బిడ్డా," అంది.