దుప్పటి కప్పుకున్న గిన్నె

రెండువేల ఐదు వానాకాలంలో, పినపాక అడవంచున మా పక్కింటి ముసలి మొగుడూ పెళ్లాల మాటలు తడిక సందులోంచి నా చెవిన పడ్డాయి. ఆమెకు మలేరియా. చాన్నాళ్లుగా ముద్ద దిగడం లేదు.

“నా దుప్పటేదయ్యా? మళ్లీ చలి మొదలైతాంది.”

“గిన్నెకు కప్పిన.”

“గిన్నెకా! జరం నాకొచ్చిందా, గిన్నెకొచ్చిందా?”

“జొన్నరవ్వకు గుడ్డు పట్టించి వేపి, ఉడకబెట్టి, మెత్తబడాలని దుప్పటి చుట్టిన. నేను గనుల కాడ వంటోడిగ ఉన్నప్పుడు రష్యా ఇంజనీరు సారు గిట్లనే చేపిచ్చేటోడు. ఆయన యూదులాయన. గుడ్డు పట్టిస్తే పలుకులు అంటుకోవని వాళ్లమ్మ చెప్పిందట. వాళ్ల గింజ వేరే, మూడు మూలలుంటది. ఆ వంటను కాషా అంటరు.”

“మళ్లా మొదలుపెట్టినవా కోతలు?”

“కోతలా? అది తిని సారు బొగ్గు లారీని ఒక్కడే గుట్ట మీదికి తోసిండు. డ్రైవరు లోపల గుర్రుపెట్టి పండుకునే ఉన్నడు.”

“నవ్వియ్యకు. నవ్వే ఓపిక గూడ లేదు.”

“తినకుంట గోలీ వెయ్యొద్దన్నడు డాక్టరు. గోలీ వెయ్యకుంటే జరం పోదు.”

“ఏమొద్దు. అలిసిపోయిన.”

“నేను గూడ అలిసిన. నీ ఊపిరి వినుకుంట కూసుండి అలిసిన.”

“...దుప్పటన్న ఇయ్యి.”

“ఇగో.”

“అబ్బ, ఎచ్చగుంది. రష్యా సారు నిజంగ దుప్పటి చుట్టిచ్చేటోడా?”

“అవ్, చుట్టిచ్చేటోడు. లారీ మాటే అబద్ధం.”

“అయితే ఒక్క ముద్ద పెట్టు. లారీని ఎట్ల తోసిండో ఇంకోసారి చెప్పు.”