జెండా పోగొట్టిన టీచర్

ఇంత ఎండలో కదిలి వచ్చిన ఊరివాళ్లందరికీ నమస్కారం. నేను గ్రిసెల్దాని, పంపుసెట్లు బాగుచేసే గ్రిసెల్దాని. మన ఒఫేలియా టీచర్ ఇక లేరు. ఆవిడ కోసం ఇంతమంది వచ్చారు, సంతోషించాలి. కానీ నాది అనుమానపు బుద్ధి. ముందు వరుసలో ఉన్న మీలో చాలామంది, ముప్పై ఏళ్లుగా ఆవిడ ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయినవాళ్లే. ఇవాళ ఈ పూలేమిటి? ఈ కన్నీళ్లేమిటి?

కోప్పడకండి. మొహం తిప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఐదో తరగతిలో ఫస్టు నేనే. మామూలుగా ఫస్టు వచ్చిన బిడ్డకే స్కూలు జెండా మోసే గౌరవం. ఉరుగ్వేలో ఏ తల్లినైనా అడగండి, స్కూల్లో జెండా మోసే బిడ్డంటే ఏమిటో చెబుతుంది. మా అమ్మ అప్పుడే నా తెల్ల కోటుకు కొత్త నీలం రిబ్బను కుట్టేసింది. లెక్కలు నోటితో చేసేదాన్ని. అక్క ఒక్కసారి చదివి వినిపిస్తే పేజీ మొత్తం గడగడా ఒప్పజెప్పేదాన్ని. అక్షరాలు మాత్రం నాకు లొంగేవి కావు. అంత చురుకైన పిల్లకు చదవడం రాదని ఎవరికి అనుమానం వస్తుంది?

ఒక్క టీచర్‌కే వచ్చింది. ఓ రోజు మాతే టీ కాచుకుంటూ, ఆ ఆకు పొట్లం నా చేతికిచ్చి వెనకవైపు చదవమన్నారు. నేను తడుముకోలేదు. తోటలు, వానలు, ఎర్రమట్టి, అన్నీ కల్పించి చదివేశాను. టీచర్ నవ్వలేదు. "బంగారు తల్లీ, నువ్వు చెప్పింది ఇందులో ఉన్నదానికంటే బాగుంది. కానీ ఇందులో అది లేదు. నీ తెలివంతా ఇది దాచుకోడానికే అయిపోతోందే" అన్నారు.

ఆ వారమే జెండా నాకు కాకుండా పోయింది. ఎవరికి వెళ్లింది? టీచర్ సొంత మేనకోడలు మిర్తాకి. ఇంకేం కావాలి! "మేనకోడలి కోసం నా బిడ్డని మొద్దుని చేసింది" అని మా అమ్మ బజారంతా చెప్పింది. మీరంతా తలలూపారు. నేనైతే ఆవిడ సైకిలుకు రెండుసార్లు గాలి తీశాను. ఆ సైకిలు తోసుకుంటూనే మా ఇంటికి వచ్చారు. రోజూ సాయంత్రం, రెండేళ్లు! గరుకు కాగితం కత్తిరించి చేసిన అక్షరాల మీద నా వేలు పట్టుకుని దిద్దించారు. "అక్షరం నీ బుర్రకి వేరే దారిన ఎక్కుతుంది, ఎక్కనీ" అనేవారు. నేర్చుకుంటూనే లోపల అనుకునేదాన్ని, తప్పు చేసింది కాబట్టే వస్తోందని.

దాన్ని డిస్లెక్సియా అంటారని ఎన్నో ఏళ్లకు తెలిసింది. అది తెలివితక్కువతనం కాదని మాత్రం టీచర్ అప్పుడే చెప్పారు.

నిన్న స్కూలుకు వెళ్లి ఆనాటి టీచర్ల మీటింగు మినిట్స్ పుస్తకం అడిగాను. ఎవరినీ చదివి పెట్టమనలేదు. నాకు ఎవరిమీదా నమ్మకం లేదు కదా! వేలు పెట్టుకుని ఆ ఒక్క పేజీ గంటసేపు నేనే చదివాను. టీచర్ నా సంగతి చెప్పి, ఈ పిల్లకు సాయం కావాలని అడిగారు. చదవడం రాని పిల్లకు జెండా ఏమిటని మిగతావాళ్లు ఎదురు తిరిగారు. ఆరుగురు అటు. జెండా గ్రిసెల్దాకే ఇవ్వాలన్నది ఒక్కరు. ఆ సంతకం ఒఫేలియా టీచర్‌ది.

ఆవిడ ఒక్కనాడూ చెప్పలేదు. నేను ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీ ఇళ్లలో పిల్లలున్నారు. పుస్తకం మీద చూపు ఆనకుండానే చక్కగా ఒప్పజెబుతుంటే మురిసిపోకండి. అనుమానించండి. ఆవిడలాగా, పక్కన కూర్చుని అనుమానించండి.

ఇప్పుడు ఆవిడ కోసం లేచి కాసేపు మౌనంగా ఉందాం. అందరూ ఒకేసారి లేవద్దు. ఆవిడను తప్పుపట్టినవాళ్లు ముందు లేవండి. నేను ఎలాగూ నిలబడే ఉన్నాను.