ముందే సెప్పీసిన సాక్ష్యం

"మావయ్యా, ఉజ్జోగం ఇంకా రాలేదు గానీ, వచ్చీసిందని ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యం సెప్పీమంటంది అమ్మ. సెప్పీనా?"

ఒలమ్మీ, ఆగాగు! మీ అమ్మ నా సెల్లెలే గదా, మా వంశంలోనే ఉన్నాది ఆ తొందర. ఆ తప్పు నాను సేసీసినాను. కూకో, సెప్తాను.

మీ అత్త గొంతు నువ్వెరగవు. మన చర్చిలో ఏ పాటైనా ముందు అదే ఎత్తీది. దాని పాట ఇనడానికి ఆమదాలవలస నుంచి ఆటో కట్టించుకొని వచ్చీవోరు. అప్పట్లో ఆటోకి ఐదు రూపాయలేలే... ఏటి సెప్తన్నాను? ఆఁ, గొంతు. గొంతులో గడ్డ లేసినాది. విశాపట్నంలో ఆపరేషనన్నారు.

ఆపరేషన్‌కి ముందు ఆదివారం చర్చిలో నాను లేసి నిలబడ్డాను. "దేవుడు నా ఇంటిదాని గొంతు బాగు సేసీసినాడు, క్రిస్మస్‌కి మళ్లీ అదే పాట ఎత్తుతాది, సూడండి" అనీసినాను. అందరూ హల్లెలూయ! అదే విశ్వాసమనుకున్నాను మరి. ఆడోళ్ల వైపు నుంచి మీ అత్త కళ్లురుముతానే ఉన్నాది.

గడ్డ పోయినాది. గొంతూ పోయినాది. ఇప్పుడు నువ్వినే గుసగుసే మిగిలినాది.

మూడు నెలలు నాను చర్చికెల్లలేదు. సిగ్గు. దేవుడి మీద కోపం కూడా, ఉన్నమాట సెప్పాల గదా. మీ అత్త మాత్రం ప్రతి ఆదివారం ఎల్లీది. ఓ రోజు గుమ్మం కాడ ఆగి, "ఆయన్నడక్కండా ఆయన పేరున మాటిచ్చీసినావు. ఆయనేటి, నీ పాలేరా?" అన్నాది. నీకు కోపం రాలేదేటే అంటే, "వచ్చినాది. ఆ మాటే రోజూ ఆయనకి సెప్తన్నాను" అనీసి ఎల్లిపోయినాది.

సెప్పులేసుకొని ఎనకే ఎల్లినాను. చర్చిలో లేసి, "ఆ రోజు నాను సెప్పింది జరగలేదు. గొంతు రాలేదు. ముందే సెప్పడం నా తప్పు. అయినా మేం ఆయన్నొదల్లేదు" అన్నాను. ఈసారి ఎవులూ హల్లెలూయ అన్లేదు. పాట ఎత్తీవోరు లేరు. అత్త కంచు తాళాలు సేతిలోకి తీసి, ఎత్తమని నాకు సైగ సేసినాది. నా గొంతు గేదె అరుపు, నీకు తెల్సు గదా. ఎత్తినాను. ఇప్పటికీ అంతే. నాను పాట తప్పితే తాళం గట్టిగా కొడతాది.

దేవుడెందుకలాగ సేసినాడంటే, నాకు తెల్దమ్మా. నీ ఉజ్జోగం గురించి నానూ అడుగుతన్నాను, రోజూ. సాక్ష్యం మాత్రం వచ్చినాక సెప్దువు. రాకపోయినా ఆదివారం నువ్వు రా, తల్లీ. అత్త పక్కన సాప మీద సోటుంటాది. సల్లగుండు...